వాన్ ఖోయెన్ బొమ్మకి పాట పాడబోయి

మా ఊళ్లో దేవుడి మాన్యం కౌలు పాట జరిగితే నాన్న రావిచెట్టు కింద కూర్చుని చివరిదాకా నోరు విప్పేవారు కాదు. మొన్న ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదటిసారి వేలంపాటకి వెళ్లినప్పుడు నేనూ అలాగే కూర్చుందామనుకున్నాను గానీ, అరచేతులు చెమటలు పట్టి పాటలో ఎత్తే నంబరు అట్ట జారిపోతోంది.

నేను ఆశపడింది చిన్న బొమ్మ, జానెడు కంటే కాస్త వెడల్పు. నల్ల చాక్‌తో గీసి పైన పలుచగా బూడిదరంగు నీళ్లు పూసినట్టుంటుంది. ఏటి రేవు, పడవలో రెండు ఆవులు, మిగతా సగానికి పైగా ఆకాశమే. కేటలాగ్‌లో ఒక 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడి పేరుతో 'యాన్ వాన్ ఖోయెన్ అనుచరుడు' అని రాసి, అంచనా ధర 800 నుంచి 1200 యూరోలు అన్నారు. ఈ వేలాల్లో అసలు కిటుకంతా ఆ ఒక్క మాటలోనే ఉంటుంది. పేరు ఒక్కటే రాస్తే ఆయనదేనని వాళ్ల నమ్మకం, 'ఆపాదించినది' అంటే బహుశా ఆయనది, 'అనుచరుడు' అంటే ఆయనది కాదు, ఆయన పద్ధతిలో వేరెవరో గీశారని.

వాన్ ఖోయెన్ 1596లో లైడెన్‌లో పుట్టాడు. తెగ గీశాడు, ముఖ్యంగా 1650ల మొదట్లో, అదీ అమ్మడానికే. 1637లో తులిప్ దుంపల మీద డబ్బు పెట్టి మునిగాడు, 1656లో నేనుండే ఈ హేగ్‌లోనే అప్పులతో పోయాడు. సరే, చుట్టరికం కలుపుకున్నాను అనుకోండి.

వేలానికి ముందు బొమ్మలు చూపించే ప్రివ్యూ రోజున ఫ్రేమ్ విప్పి చూపించమని అడగొచ్చట, అడిగితే విసుక్కోకుండా విప్పారు. ఫ్రేమ్‌లోని పాత అట్ట కప్పిన అంచు తెల్లగా ఉంది, వెలుతురు తగిలిన మధ్య భాగం టీ పడ్డట్టు గోధుమరంగు తిరిగింది. దీపానికి ఎదురుగా పట్టుకుంటే కాగితంలో నిలువు గీతలు, విదూషకుడి టోపీ వాటర్‌మార్క్ (పాత కాగితాల్లో తయారీదారు గుర్తు) కనపడ్డాయి. ఎగిరి గంతేశాను, కానీ దాన్ని బట్టి తెలిసేది కాగితం సంగతే, చెయ్యి ఎవరిదో కాదు. మూలన 'వీజీ 1652' అని ఉంది (ఖోయెన్‌ని డచ్‌లో జీతో రాస్తారు), బొమ్మంతా చాక్ అయితే ఆ అక్షరాలు మాత్రం గోధుమరంగు సిరా. కేటలాగ్‌లో 'సంతకం చేసింది' అనకుండా 'సంతకం కలిగి ఉంది' అని ఎందుకు రాశారో అప్పుడు వెలిగింది, ఆ సంతకం తర్వాత వేరెవరో చేర్చి ఉండొచ్చని. వెనక ఇదివరకు బొమ్మ దాచుకున్న ఒక సేకరణకర్త ముద్ర ఉంటే, ఫ్రిట్స్ లుగ్ట్ అనే డచ్ కళాచరిత్రకారుడు 1921లో అచ్చువేసిన ముద్రల జాబితా ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది కదా అని రాత్రి రెండింటిదాకా వెతికాను, దొరకలేదు.

లెక్క కూడా ఆ రాత్రే తేలింది. పాట ధర మీద 27 శాతం కమిషన్, ఆ కమిషన్ మీద మళ్లీ 21 శాతం వ్యాట్. నా జేబులో 1200 ఉంటే పాట 900 దగ్గరే ఆపాలన్నమాట. ఇది ముందు చూసుకోకుండా 1200 దాకా పాడేద్దామనుకున్న నా తెలివికి జోహార్లు.

పాట 500తో మొదలైంది. 900 నాది. ఫోన్ దగ్గరున్న అమ్మాయి తలెత్తకుండా 1000 అంది, గదిలో ముసలాయన 1100 అన్నాడు, తర్వాత వాళ్లిద్దరే. 4200కి సుత్తి పడింది. డచ్‌లో 'ఏన్‌మాల్, ఆండర్‌మాల్' అంటారు, మన ఒకటోసారి, రెండోసారి అన్నట్టే. ఇద్దరు పంతం పట్టి అంతదాకా వెళ్లారంటే నాకు కనపడనిదేదో కనపడి ఉండాలి, ఆ సిరా సంతకం కిందో, ఆవుల కాళ్లలోనో. ఇప్పటికీ మనసు పీకుతోంది.

లేచి వచ్చేసేవాణ్నే, బయట వాన. ఇంకో పది లాట్ల (పాటకి పెట్టే వస్తువుల) తర్వాత '17వ శతాబ్దం, డచ్, కళాకారుడు తెలియదు' అని ఇసుకదిబ్బల బొమ్మ వచ్చింది, వంగిపోయిన కంచె, ఒక మనిషి వీపు, అంతే. ఎవరూ చెయ్యెత్తలేదు. 220కి నాదైంది, అన్నీ కలిపి 292. ఎండ తగలకుండా నడవాలో తగిలించాను.

ఫ్రేమ్ మార్పించేటప్పుడు వెనక చూశాను. ఎవరో పెన్సిల్‌తో కూడిక వేసుకున్నారు. 14, దాని కింద 9, గీత, 22. వాళ్లకీ లెక్క ఒకటి తప్పింది.