బ అంటే బొబ్బ
"బ అంటే ఏంటి మావయ్యా?" వెనకనుంచి మేనకోడలు.

"బొబ్బ" అన్నా, చెప్పు విప్పి మడమ చూపిస్తూ.

శ్రీశైలం నడకదారిలో నాగలూటి దాటాక మొదలైంది ఈ అక్షరాల ఆట. అ అడవి, ఎ ఎండ, ప పెచ్చెరువు. మ దగ్గర నేను మల్లన్న అనబోతే అది మజ్జిగ అంది. చెట్టు నీడన గ్లాసు చేతికొచ్చాక ఇక వాదించలేదు.

భ అంటే భీముని కొలను. దిగేటప్పుడు మోకాళ్ళు, ఎక్కేటప్పుడు గుండె. అక్కడ ఆట ఆగిపోయింది, మాట్లాడేందుకు ఊపిరుంటేగా!

కైలాసద్వారం దగ్గర కూలబడ్డాం. ఇంకా శ ఉంది, శ్రీశైలం.

"బండి ఱ కూడా మిగిలింది మావయ్యా."

"దాంతో మొదలయ్యే మాటేదీ తట్టట్లేదే."

"పేరులోనే బండి ఉందిగా, ఎక్కేద్దాం!"