మహతి రాగం, నా డిప్లొమా పరీక్ష

కర్ణాటక సంగీతంలో నాలుగేళ్ల సర్టిఫికెట్ కోర్సు పెళ్లికి ముందే పూర్తయింది. రెండేళ్ల డిప్లొమా మాత్రం అలాగే ఉండిపోయింది. ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ చేరాను. కాజీపేట నుంచి సాయంత్రం ఆటోలో హన్మకొండ చౌరస్తా దాకా, అక్కడి నుంచి నడక. ఫీజు, ఫోటోలు, హాల్‌టికెట్ పనులు వాటంతట అవే అయిపోయాయి. టెన్షన్ అంతా వాగ్గేయకారుల, అంటే పాట రాసి తామే రాగం కట్టినవాళ్ల జీవిత చరిత్రల దగ్గరే.

త్యాగరాజు, శ్యామశాస్త్రి, దీక్షితుల గురించి చిన్నప్పుడే చదువుకున్నాను. మన కాలపు వాగ్గేయకారుడిగా మంగళంపల్లి బాలమురళీకృష్ణను ఎంచుకున్నాను. రేడియోలో ఆయన గొంతు వినపడితే మా బాపు చేతిలో చాయ్ గ్లాసు పక్కన పెట్టేసేవాడు. ఎంచుకోవడానికి నాకు ఆ కారణం చాలు.

బాలమురళీకృష్ణ 1930 జూలై 6న కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టారు. వీణ వాయించే తల్లి ఆయన పసిగుడ్డుగా ఉండగానే పోయింది. పెట్టిన పేరు మురళీకృష్ణ. ముందు ‘బాల’ చేర్చింది హరికథకులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్. ఎనిమిదేళ్ల వయసులో విజయవాడలో కచేరీ చేశారు. ఇవన్నీ వెంటనే గుర్తుండిపోయాయి. గురుపరంపర దగ్గరే తడబడేదాన్ని. త్యాగరాజు, మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, ఆ తర్వాత ఈయన. అన్నం వండుతూ మా పాపకు అప్పజెప్పేదాన్ని. పదిహేనేళ్లు దాటీ దాటకముందే 72 మేళకర్తల్లోనూ, అంటే మూల రాగాలన్నింటిలోనూ కృతులు కట్టారని చదివినప్పుడు మాత్రం పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. మేళకర్తల పేర్లు వరుసగా చెప్పడానికే నాకు నెల పట్టింది.

నోట్సు చూసి మా సంగీతం సార్ అన్నారు: “తేదీలు రాస్తే మార్కులు వస్తయమ్మా. ఆయన రాగం ఒక్కటన్నా గొంతులోకి రావాలె.” బాలమురళీకృష్ణ కట్టిన మహతి రాగం ఇచ్చారు. నారదుడి వీణ పేరు అది.

అందులో ఉన్నవి నాలుగే స్వరాలు. షడ్జమం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం. స గ ప ని. నాలుగే కదా అనుకున్నాను. పొద్దున్నే అయిదింటికి డాబా మీద శ్రుతి పెట్టె పెట్టుకుని మొదలుపెడితే తెలిసింది. ని, పై స తప్ప పక్కపక్కన ఉన్న స్వరాలు లేవు. ఒక దాని నుంచి ఇంకో దానికి జారే వీలు లేదు, నేరుగా వెళ్లి దాని మీదే నిలబడాలి. ఏళ్ల తరబడి మోహనం పాడిన గొంతు నాది. స నుంచి గ కు పోయేటప్పుడు మధ్యలో రి తగిలేది. నాకు తెలిసేది కాదు, గడప దగ్గర కూర్చున్న పాపకు తెలిసేది. “అమ్మా, మళ్ల రి పడ్డది.” స్వరాన్ని ఊపి గమకం వేద్దామని చూస్తే రాగమే చెదిరేది. మూడు వారాలు ఒక్క స-గ మీదే ఉన్నాను. ఒక పొద్దున గాంధారం శుభ్రంగా పలికింది. పాప ఏమీ అనలేదు. అప్పుడు అర్థమైంది పలికిందని.

రాగమంటే కనీసం ఐదు స్వరాలుండాలన్నది పాత కట్టుబాటు. ఇలాంటి రాగాల విషయంలో ఆయన మీద వీణ ఎస్. బాలచందర్ గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఆ వాదన కూడా శ్రద్ధగా చదివాను, చదవాల్సిందే. కానీ నెల రోజులు పాడాక ఇది రాగమేనా అన్న సందేహం నాకు మిగల్లేదు.

వైవాలో ఎగ్జామినర్ మేడం సరిగ్గా అదే అడిగారు, “నాలుగు స్వరాలతో రాగం అవుతుందా?” నేర్చుకున్న జవాబు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. “పాడనా మేడం?” అన్నాను. తలూపారు. మొదటిసారి రి తగిలింది. ఆపేశాను. కళ్లు మూసుకుని, డాబా గుర్తు తెచ్చుకుని మళ్లీ అందుకున్నాను. స గ ప ని స, కిందికి స ని ప గ స. ఆవిడ పెన్ను పక్కన పెట్టి విన్నారు. తర్వాత గురుపరంపర అడిగారు. ఐదు పేర్లూ ఆగకుండా చెప్పాను.

రిజల్ట్ వచ్చింది, పాసయ్యాను. డాబా మీద సాధన మాత్రం ఆపలేదు. ఇప్పుడు ఆయనదే ఇంకో రాగం, లవంగి. అదీ నాలుగు స్వరాలే, స రి మ ద. ఈసారి గ పడుతోందంటోంది పాప.