అయిదూ బీలే

సోమవారం, పర్లాకిమిడి.

పొద్దున్నించీ ముసురు. పాతపట్నం నుంచి వచ్చే అకౌంట్స్ ఆయన గొడుగు ముడవకుండానే, "ఏటి బాబూ, ఎనిమిదింటి మెయిలు పదైనా రాలేదేటి?" అన్నారు.

మా సర్వర్లో స్పామ్ వడకట్టేది స్పామ్‌అసాసిన్. దాని తెరవెనక ప్రోగ్రామ్ స్పామ్‌డీ, మెయిళ్లను పిల్ల ప్రాసెస్‌లకు పంచి పరీక్ష చేయిస్తుంది. దాని లాగ్‌లో పిల్లల వరుస: బీబీబీబీబీ. ఖాళీగా ఉంటే ఐ, పనిలో ఉంటే బీ. మామూలుగా ఇచ్చేవి 5 పిల్లలు, ఒక్కో దానికి గడువు 300 సెకన్లు. అయిదూ గడువు నిండేదాకా ఇరుక్కుంటే గంటకు 60 మెయిళ్లే కదులుతాయి. పైగా అలా గడువు దాటినవాటిని స్పామ్‌సీ (స్పామ్‌డీకి మెయిళ్లు అందించే ప్రోగ్రామ్) వడకట్టకుండానే వదిలేస్తుంది. ఇన్‌బాక్స్‌లో లాటరీ మెయిళ్లు కనిపించాయంటే అందుకే.

మాక్స్-చిల్డ్రన్ (పిల్లల గరిష్ఠ సంఖ్య) పెంచుకోమని లాగే సలహా ఇస్తుంది. వినకూడదు. పిల్ల ఒక్కోటి సుమారు 100 ఎంబీ మింగుతుంది. 2 జీబీ మిషన్లో 20 పెడితే మెమరీ చాలక స్వాప్‌లో (డిస్క్ మీద) పడి ఉన్నవీ ఆగిపోతాయి.

ముందు చూడాల్సింది సీపీయూ. అది నిండా వాడుతుంటే పెద్ద మెయిలో, ఎవరో రాసిన పాడు రెజెక్సో (అక్షరాల నమూనా వెతికే సూత్రం). స్పామ్‌సీ 500 కేబీ దాటినవి పంపదు, ఆ హద్దు ఎవరైనా పెంచారేమో చూడాలి. సున్నా దగ్గర ఉంటే దేనికోసమో కాచుకుని ఉన్నట్టు. ఇవాళ సున్నా.

ప్రాసెస్ ఏం చేస్తోందో చూపే ఎస్‌ట్రేస్ తగిలిస్తే, డీఎన్ఎస్ (పేర్లకు చిరునామాలు వెతికే సేవ) వాడే 53వ పోర్టు ఊసే లేదు, కాబట్టి తప్పు డీఎన్ఎస్‌ది కాదు. నాలుగు పిల్లలూ బేయిస్.లాక్ (స్పామ్ మాటల లెక్కలుండే బేయిస్ డేటాబేస్ తాళం ఫైలు) మీద లింక్ కొట్టడం, దొరక్కపోవడం, కాసేపు నిద్రపోవడం, మళ్లీ కొట్టడం. అయిదోది ఆ తాళం పట్టుకుని పాత టోకెన్లు (నేర్చుకున్న మాటలు) ఏరేస్తోంది. డేటాబేస్ పెద్దదైతే ఆ పని 300 సెకన్లలో తెమలదు. మధ్యలో గడువు కొట్టి చంపేస్తుంది, తర్వాత ఇంకో పిల్ల మొదటినుంచీ మొదలెడుతుంది. ఆ డైరెక్టరీలో బేయిస్_టోక్స్.ఎక్స్‌పైర్ పేరుతో, వెనక పీఐడీ (ప్రాసెస్) నంబర్లతో, 11 సగం ఫైళ్లు!

స్పామ్‌డీ ఆపి, ఆ 11 ఫైళ్లూ, మిగిలిపోయిన లాకూ తీసేశాక, ఎస్ఏ-లెర్న్ అనే కమాండ్‌తో ఫోర్స్-ఎక్స్‌పైర్ (బలవంతపు ఏరివేత) చేతితో నడపాలి. సెట్టింగుల ఫైలు లోకల్.సీఎఫ్‌లో బేయిస్_ఆటో_ఎక్స్‌పైర్ 0 (తనంతట తాను ఏరొద్దు), బేయిస్_లెర్న్_టు_జర్నల్ 1 (నేర్చినవి ముందు చిట్టాలో రాయి). ఏరివేత ఇక రాత్రి 2 గంటలకు క్రాన్‌లో (వేళకు పనులు నడిపేది). ఆ క్రాన్ రూట్ (అడ్మిన్ యూజర్) పేరు మీద పెడితే మాత్రం ఫైళ్లు రూట్ సొంతమైపోయి, పొద్దున్నకి స్పామ్‌డీ వాటిని తెరవలేక గింజుకుంటుంది. డేటాబేస్ ఏ యూజర్‌దో ఆ యూజర్ క్రాన్‌టాబ్‌లోనే ఉండాలి.

డీఎన్ఎస్ వంతు ఇవాళ కాకపోయినా, డీఎన్ఎస్ ఎవరిని అడగాలో చెప్పే రిజాల్వ్.కాన్ఫ్‌లో 8.8.8.8 (గూగుల్ డీఎన్ఎస్) ఉంది. అక్కణ్నుంచి అడిగితే యూఆర్ఐబీఎల్ (స్పామ్ లింకుల బ్లాక్‌లిస్టు) సరైన జవాబివ్వదు. అన్‌బౌండ్ అనే సొంత డీఎన్ఎస్ సర్వర్ వేసి, ఫార్వర్డింగ్ (ప్రశ్నల్ని ఇంకొకరికి పంపడం) లేకుండా 127.0.0.1 (ఈ మిషనే) పెట్టాను.

పన్నెండు దాటాక లాగ్‌లో బీఐఐ. అకౌంట్స్ ఆయన మెయిలూ వచ్చింది, ఒకటి కాదు, మూడు. రాలేదనుకుని అవతలివాళ్లు మళ్లీ మళ్లీ పంపారట.