బండి మారే చోటే అసలు లెక్క

నగరంలో దారి చూపే యాప్‌ను నమ్మొచ్చా లేదా అన్నది ఒక బండి దిగి ఇంకోటి ఎక్కే ఆ నాలుగైదు నిమిషాల్లో తేలిపోతుంది. హైదరాబాద్‌లో మెట్రో, ఎంఎంటీఎస్ లోకల్ రైలు, సిటీ బస్సు మూడింటినీ కలిపి ప్రయాణం చూపాలంటే ముందు బాగుచేయాల్సింది అదే.

వేళల డేటాను జీటీఎఫ్‌ఎస్ పద్ధతిలో రాస్తారు, అంటే స్టాపులు, రూట్లు, వేళలు యాప్‌లకు అర్థమయ్యేలా ఫైళ్లలో పెట్టే ఉమ్మడి పద్ధతి. అందులో చాలామంది స్టేషన్‌కు మ్యాప్ మీద ఒకే చుక్క పెట్టి వదిలేస్తారు. మన మెట్రో స్టేషన్లేమో రోడ్డు మీద, పైన ఉంటాయి. మెట్లు రెండు వైపులా దిగుతాయి. చుక్క ఒక్కటే అయితే రోడ్డు దాటే సమయం లెక్కలోకే రాదు. అందుకని ప్రతి మెట్ల దారినీ విడి ప్రవేశంగా, అంటే లొకేషన్ టైప్ 2గా నమోదుచేసి స్టేషన్‌కు జతచేయాలి. ఎదురెదురు బస్‌స్టాపులకు పేరు ఒకటే అయినా ఐడీలు రెండుండాలి.

మారే సమయం ట్రాన్స్‌ఫర్స్ ఫైలులో సెకన్లలో ఉంటుంది: ఆరు నిమిషాలైతే 360. అమీర్‌పేటలో రెడ్ లైన్ నుంచి బ్లూ లైన్‌కు గేటు దాటకుండా, అంతస్తు మారితే చాలు. మలక్‌పేటలో మెట్రో దిగి ఎంఎంటీఎస్ ఎక్కాలంటే గేటు దాటాలి, కిందికి దిగాలి, నడవాలి, వేరే టికెట్ తీసుకోవాలి. మ్యాప్ మీద దూరం చూసి రెండింటికీ ఒకే అంకె వేయడం దారుణం. ఉదయం రద్దీలో నడిచి కొలవాలి. లిఫ్టు దారిని విడిగా కొలవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు పనికొచ్చేది ఆ అంకే.

ఎక్కబోయే బండి ఎంతసేపటికొకటి వస్తుందో కూడా చూడాలి. మెట్రో తప్పితే పోయేది కొద్ది నిమిషాలు, ఎంఎంటీఎస్ తప్పితే చాలాసేపు కూర్చోవాలి. కాబట్టి ఎంఎంటీఎస్ వైపు మారేటప్పుడు మరో పది నిమిషాలైనా కలపాలని నా అభిప్రాయం.

లైవ్‌లో బస్సు స్థానం 90 సెకన్ల కంటే పాతదైతే దాచేసి, షెడ్యూల్ వేళ చూపడం నయం. ముందురోజు మొదలైన సర్వీసు అర్ధరాత్రి దాటి నడిస్తే, ఆ వేళను 24:20:00 అని రాయాలి. 00:20 అని రాస్తే ఆ బస్సు ఒక రోజు ముందే వెళ్లిపోయినట్టు లెక్క.

ఇక ఛార్జీ. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్, అంటే ఉచిత ప్రయాణం. ప్రయాణించేది ఎవరో అడగని యాప్ ఆమెకు చూపే ‘తక్కువ ఖర్చు దారి’ తప్పు. బస్సు, మెట్రో కలిసిన ప్రయాణంలో ఆమెకు మెట్రో రైలు ముక్కకు మాత్రమే ఛార్జీ వేయాలి.