హిరణ్యకశిపుడి దుఃఖం, ప్రహ్లాదుడి పద్యం

"ఇందు గలడందు లేడని సందేహము వలదు" రాని తెలుగు ఇల్లు ఉండదు. పిల్లలకి మాటలు తిరగ్గానే నేర్పిస్తాం. పోతన గారి భాగవతం సప్తమ స్కంధంలో, అదే సభలో, ఆ పద్యానికి కొంచెం ముందే ప్రహ్లాదుడు తండ్రితో ఇంకో మాట అన్నాడు. దాన్ని మాత్రం వదిలేశాం. నాకైతే ప్రహ్లాద చరిత్ర అంతా దీని మీదే నిలబడి ఉందనిపిస్తుంది.

లోకములన్నియున్ గడియలోన జయించినవాడ వింద్రియా
నీకము జిత్తమున్ గెలువనేరవు నిన్ను నిబద్ధు జేయు నీ
భీకర శత్రులార్వుర బ్రభిన్నుల జేసిన బ్రాణికోటిలో
నీకు విరోధి లేడొకడు నేర్పున జూడుము దానవేశ్వరా!

లోకాలన్నీ గడియలో గెలిచావు, నీ ఇంద్రియాల్ని, నీ మనసుని గెలవలేకపోయావు. నిన్ను కట్టి పడేసిన కామక్రోధాది ఆరుగురు శత్రువుల్నీ ఛేదించావా, ఇక ఇంతమంది ప్రాణుల్లో నీకు విరోధి ఒక్కడూ లేడు, సరిగ్గా చూసుకో అంటున్నాడు. ఎవరితో? కత్తి పట్టుకుని నిలబడ్డ తండ్రితో. తనని ఏనుగుల కింద తోయించి, పాములతో కరిపించి, విషం పెట్టించి, కొండల మీంచి పడదోయించిన మనిషితో. అలాంటివాడితో "నీకు శత్రువు లేడయ్యా" అని చెప్పగలిగాడంటే ఆ పిల్లవాడి మనసులో తండ్రి మీద పగ రవ్వంత కూడా లేదు. దేవుడు స్తంభంలో ఉన్నాడని నమ్మడం కన్నా ఇదే పెద్ద విషయం.

ఈ మధ్య మా దగ్గర పిల్లల చేత ప్రహ్లాదుడి నాటకం వేయించారు. హిరణ్యకశిపుడి వేషం కట్టిన అబ్బాయి గద ఊపుకుంటూ గొంతు పోయేలా అరిచాడు. అట్ట స్తంభం పగిలింది, చప్పట్లు మోగాయి. పై పద్యం పెట్టలేదు. అడిగితే "అది ఎవరికీ తెలీదండీ, టైమ్ కూడా లేదు" అన్నారు. పిల్లల మీద నాకేం కోపం లేదు, ఎంతో శ్రద్ధగా చేశారు. కానీ మనం ఈ కథని ఎప్పటినుంచో ఇలా అరుపుల కథగానే చూస్తున్నాం. సురభి నాటక సమాజం వాళ్ళు ఊరూరా ఆడిన ప్రహ్లాద నాటకమే 1932లో తెలుగువాళ్ళ తొలి టాకీ అయింది. అప్పటినుంచి హిరణ్యకశిపుడంటే మనకి మీసాలు, గద, వికటాట్టహాసం. రంగస్థలానికి అది కావాలి, కాదనను. ఇంట్లో కూర్చుని భాగవతం చదువుకునేటప్పుడు కూడా ఆ మీసాలే కనిపిస్తుంటే మాత్రం చదవడం ఎందుకు?

సప్తమ స్కంధం మొదటినుంచి చదవండి. అక్కడ కనిపించేవాడు తమ్ముడు పోయిన అన్న. హిరణ్యాక్షుడిని వరాహస్వామి సంహరించాడు. ఇద్దరూ కవలలు. ఆ వార్త విన్న హిరణ్యకశిపుడు శూలం పట్టుకుని సభలో ప్రతిజ్ఞ చేస్తాడు: ఆ విష్ణువు కంఠం నరికి, ఆ రక్తంతో నా తమ్ముడికి తర్పణం చేస్తాను, అప్పటికి గానీ నా బాధ పోదు. పగ తీర్చుకుంటే బాధ తగ్గుతుందని నమ్మాడు. అతని కథంతా ఈ ఒక్క నమ్మకంలోంచే పుట్టింది. తపస్సు, వరాలు, దిక్పాలకుల్ని గెలవడం, యజ్ఞభాగాలు లాక్కోవడం, చివరికి కన్నకొడుకు మీద కత్తి ఎత్తడం, అన్నీ ఆ తర్పణం కోసం పడ్డ తిప్పలే.

తర్వాత జరిగింది చదివితే నాకు ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది. తమ్ముడికి ఉత్తరక్రియలు చేసి, ఏడుస్తున్న తల్లి దితిని, మరదల్ని, తమ్ముడి పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఈ హిరణ్యకశిపుడే వేదాంతం చెబుతాడు. ఆత్మకి చావు లేదమ్మా, దేహాలు చలివేంద్రం దగ్గర కలుసుకున్న బాటసారుల్లాంటివి, కాసేపు కలుస్తాం, ఎవరి దారిన వాళ్ళం పోతాం అంటాడు. ఉశీనర దేశపు రాజు సుయజ్ఞుడి కథ చెబుతాడు. యుద్ధంలో చచ్చిన ఆ రాజు శవం చుట్టూ రాణులు కూర్చుని దహనానికి ఇవ్వకుండా ఏడుస్తుంటే, యముడు చిన్నపిల్లవాడి రూపంలో వచ్చి వాళ్ళకి బుద్ధి చెబుతాడు. వేటగాడి వలలో ఆడపిట్ట పడితే, దాన్ని చూసి ఏడుస్తూ కూర్చున్న మగపిట్టని కూడా ఆ వేటగాడే కొట్టేశాడు, మీరు వందేళ్ళు ఏడ్చినా మీ భర్త రాడు అని ఆ బాలుడు చెప్పే ఘట్టం భాగవతంలో ఏ ఘట్టానికీ తీసిపోదు.

దితి విన్నది. కొడుకు పోయిన దుఃఖాన్ని అక్కడికక్కడే వదిలేసి మనసుని తత్త్వం మీద నిలిపింది. చెప్పినవాడు మాత్రం లేచి మందర పర్వతానికి పోయి, పగ తీర్చుకునే బలం కోసం తపస్సుకి కూర్చున్నాడు!

నోటితో చెప్పిన జ్ఞానం తల్లిని ఒడ్డుకి చేర్చింది, చెప్పినవాడికి పనికి రాలేదు. మనలో ఎంతమందికి ఇది తగలదు చెప్పండి? చావు ఇంటికి వెళ్ళి "ఎవరు ఎవరికి శాశ్వతం" అంటాం. మర్నాడు కోర్టు వాయిదాకి వెళ్ళి తోడబుట్టినవాడి మీద సాక్ష్యం చెబుతాం.

ఇక్కడ పురాణం చెప్పేవాళ్ళు కొందరు అడ్డు తగులుతారు. వైకుంఠ ద్వారపాలకులు జయవిజయులే శాపం వల్ల ఈ అన్నదమ్ములుగా పుట్టారండీ, అంతా లీల, పగతోనే దేవుణ్ణి తలిచే వైరభక్తి అంటారు. శాపం సంగతి నాకూ తెలుసు, నమ్ముతాను కూడా. కానీ అదొక్కటీ చెప్పి వదిలేస్తే ఆ తమ్ముడి చావు, ఆ ప్రతిజ్ఞ, ఆ తల్లి ఏడుపు వ్యాసుల వారు ఇంత వివరంగా ఎందుకు రాసినట్టు? పోతన గారు వాటిని కుదించకుండా తెలుగులో ఎందుకు చెప్పినట్టు? మనం చదివి మన ఇల్లు చూసుకోవాలనే కదా.

ప్రహ్లాదుడు గురుకులం నుంచి వచ్చినప్పటి ఘట్టం చూడండి. తండ్రి అతన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాడు, తల వాసన చూస్తాడు, ఆనందంతో కారిన కన్నీళ్ళు ఆ పిల్లవాడి మీద పడతాయి. ఏం నేర్చుకున్నావు నాన్నా అని అడుగుతాడు. మన ఇళ్ళలో తండ్రులు అడిగినట్టే. పిల్లవాడు శ్రవణం, కీర్తనం అంటూ తొమ్మిది రకాల భక్తి చెప్పి, ఆ తర్వాత కూడా హరి మాటే మాట్లాడేసరికి ఒళ్ళోంచి కిందకి తోసేస్తాడు. అప్పుడు అతని నోట వచ్చే మొదటి అభియోగం ఏమిటో తెలుసా? వీడు తన పినతండ్రిని చంపినవాడి పాదాలకి దాసుడిలా పూజ చేస్తున్నాడు అని. సింహాసనం సంగతి గానీ, రాజాజ్ఞ సంగతి గానీ తర్వాత. ముందు తమ్ముడే. అన్నేళ్ళు గడిచినా ఆ గాయం మానలేదు. జబ్బు చేసిన అవయవాన్ని కోసేస్తేనే మిగతా ఒళ్ళు బతుకుతుంది అంటూ కన్నకొడుకుని కోసేయమన్నాడు.

ఈ మాట రాస్తుంటే మా నాన్న గారు గుర్తొస్తున్నారు. ఆయనకీ మా చిన్నాన్నకీ విశాఖలో గోపాలపట్నం వైపు ఒక చిన్న స్థలం దగ్గర మాట పడింది. ఎవరిది తప్పో ఇప్పుడు ఎందుకు. ఇద్దరూ సింహాచలం నరసింహస్వామికి, అదే మన అప్పన్నకి, భక్తులే. అక్షయ తృతీయ నాటి చందనోత్సవానికి ఇద్దరూ కొండెక్కేవారు, వేరే వేరే క్యూలలో. మా నాన్నకి ప్రహ్లాద చరిత్ర కంఠతా వచ్చు, మందార మకరంద పద్యం ఆయన పాడితే వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగేవారు. చిన్నాన్న పోయినప్పుడు మాత్రం శ్మశానం గేటు దగ్గరే నిలబడిపోయారు, లోపలికి రాలేదు. ఇంటికి వచ్చాక ఆ రాత్రి పడుకోలేదు. చివరి రోజుల్లో "పలకరించి ఉండాల్సింది" అని ఒకసారి అన్నారు, అంతే. ఇంత భక్తి ఉన్న మనిషికే ఇలా అయిందంటే ఈ పగ ఎంత లోపలికి దిగుతుందో అర్థం చేసుకోండి.

ఇప్పుడు సింహాచలం కొండ మీదకి రండి. మనవాళ్ళు ప్రహ్లాదుణ్ణి పడదోసిన కొండ ఇదేనని చెప్పుకుంటారు. అక్కడ వెలిసిన స్వామి ఉత్త నరసింహుడు కాదు, వరాహ లక్ష్మీనరసింహుడు. హిరణ్యాక్షుణ్ణి చంపిన రూపం, హిరణ్యకశిపుణ్ణి చంపిన రూపం ఒక్క విగ్రహంలో ఉన్నాయి. తమ్ముడి చావుకి కారణమైన స్వామీ, ఆ చావు వల్ల పుట్టిన పగకి ముగింపు పలికిన స్వామీ ఒక్కరే. ఈ రెండు అవతారాలనీ కలిపి చూపించమని కోరింది ప్రహ్లాదుడేనని స్థలపురాణం. ఆలోచించండి. పినతండ్రిని చంపిన రూపం, కళ్ళ ముందే తండ్రిని చీల్చిన రూపం. ఆ రెంటినీ కలిపి పూజించుకుంటానని అడగాలంటే ఎంత తేరుకున్న మనసు కావాలి! తండ్రి ఏ పాదాల కోసం తనని ఒళ్ళోంచి తోసేశాడో, ఆ పాదాలనే మన ఊళ్ళో నిలబెట్టాడు.

ఆ స్వామికి ఏడాది పొడవునా చందనం. పురూరవ చక్రవర్తి కాలం నుంచి వస్తున్న ఆచారం అంటారు. అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే నిజరూప దర్శనం. ఆ రాత్రి మూడు మణుగుల చందనం సమర్పిస్తారు, మళ్ళీ వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకి మూడేసి మణుగులు, మొత్తం పన్నెండు. ఉగ్రం చల్లారడానికి గంధం అని అందరూ చెబుతారు. నరసింహుడి కోపం మొదట ఎలా చల్లారిందో సప్తమ స్కంధంలోనే ఉంది. బ్రహ్మ రుద్రాదులు స్తోత్రాలు చేశారు, దగ్గరికి వెళ్ళలేకపోయారు. లక్ష్మీదేవే వెళ్ళలేకపోయింది. బ్రహ్మ గారు ప్రహ్లాదుణ్ణి పంపించారు. పిల్లవాడు మెల్లగా వెళ్ళి సాష్టాంగపడ్డాడు. స్వామి అతని తల మీద చెయ్యి పెట్టాడు. అంత ఉగ్రాన్ని చల్లార్చింది పగ ఎరగని ఆ పసివాడే. కొండ మీద గంధం చూసినప్పుడల్లా నాకు ప్రహ్లాదుడే కనిపిస్తాడు.

నిజరూప దర్శనం రోజు మనం ఏం చేస్తున్నాం? క్యూలో ముందున్న ముసలావిడని తోసేస్తాం. పాస్ దొరకలేదని టెన్షన్ పడతాం, దొరికినవాడిని చూసి కుళ్ళుకుంటాం. దర్శనం అయ్యీ అవకుండానే ఎవరికి ఎంతసేపు చూపించారు అన్న లెక్క. ఆషాఢ పౌర్ణమికి కొండ మెట్ల మొదట్లో తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్లు గిరి ప్రదక్షిణ చేస్తాం. హనుమంతవాక, అప్పూఘర్, సీతమ్మధార, మాధవధార దాటుకుంటూ కాళ్ళు బొబ్బలెక్కేలా నడుస్తాం. ఆ దారిలోనే మనం మాట్లాడటం మానేసిన అక్కయ్య ఇల్లు ఉంటుంది. తల తిప్పుకుని నడుస్తాం. గోవిందా అని ఇంకా గట్టిగా అంటాం.

అలా చేయకండమ్మా. అంత దూరం నడిచే ఓపిక ఉన్నవాళ్ళకి ఆ గుమ్మం ఎక్కడం కష్టమా?

స్వామి వరం కోరుకోమన్నప్పుడు ప్రహ్లాదుడు వద్దన్నాడు. కోరికల కోసం కొలిచేవాడు సేవకుడు కాదు, వర్తకుడు అన్నాడు. చివరికి తండ్రి కోసం ఒకటి అడిగాడు, మా నాన్న నిన్ను తమ్ముణ్ణి చంపినవాడివని అపార్థం చేసుకున్నాడు, నీ మహిమ తెలియక నిందించాడు, నన్ను బాధపెట్టాడు, ఆ పాపం నుంచి ఆయన్ని శుద్ధి చెయ్యి అని. చూశారా, ఆ వరంలో కూడా తండ్రి కోపానికి మూలం తమ్ముడి చావేనని స్వామికి గుర్తు చేస్తున్నాడు! మా నాన్న చెడ్డవాడు కాదు స్వామీ, దుఃఖంలో దారి తప్పాడు అని తండ్రి తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. ఇరవై ఒక్క తరాలతో సహా నీ తండ్రి పవిత్రుడయ్యాడు, వెళ్ళి ఆయనకి ఉత్తరక్రియలు చెయ్యి అన్నాడు స్వామి. ప్రహ్లాదుడు చేశాడు. తండ్రి తమ్ముడికి పగతో కర్మ చేశాడు, కొడుకు తండ్రికి ప్రేమతో చేశాడు.

వచ్చే అక్షయ తృతీయకి కొండెక్కేవాళ్ళు ముందు రోజు సప్తమ స్కంధంలో దితి ఘట్టం ఒకసారి ఇంట్లో పైకి చదవండి. అరగంట పట్టదు. పిల్లలకి "ఇందు గలడు" వచ్చేసి ఉంటే దానికి ముందు "లోకములన్నియున్" కూడా నేర్పించండి. నాలుగు పాదాలే, రోజుకి ఒక పాదం చెప్పినా వారం లోపే వచ్చేస్తుంది. అర్థం అడుగుతారు. చెప్పండి. చెబుతున్నప్పుడు ఎవరి ముఖమైనా గుర్తొస్తే, కొండకి బయల్దేరే ముందే వాళ్ళకి ఒక ఫోన్ చేయండి.