లాగుతోందంటే, ఏ లాగడం?

ప్రవాసం అంటే విమానమెక్కాలి అనుకుంటారు మా పుట్టింటివాళ్ళు. మా అన్నయ్య పిల్లలు డాలస్‌లో ఉన్నారు కాబట్టి ఆ మాట వాళ్ళకే చెల్లుతుందట. నేను పలాసలో పొద్దున్న రైలెక్కి, బరంపురంలో దిగి, మధ్యాహ్నానికి ఎసరు పెట్టుకున్నదాన్ని. ఇచ్ఛాపురం దాటాక పాతిక కిలోమీటర్లు. మా మామగారైతే ఆ మాటే ఒప్పుకోరు. "మేం ఎక్కడికీ పోలేదమ్మా. 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు నుంచి ఒడిశాలోకి పోయింది. మన గుమ్మం ఉన్నచోటే ఉంది" అంటారు.

గుమ్మం ఉన్నచోటే ఉంది గానీ గుమ్మం లోపలి తెలుగు కదిలిపోయింది. నా కూతురు నిద్రలో పలవరిస్తే ఒడియాలో పలవరిస్తుంది. వాళ్ళ మామ్మ తరవాణి పోస్తే "పఖాళొ" అంటుంది. దానికి నాకు కోపం లేదు, కుండలో ఉన్నది ఇంచుమించు ఒకటే కదా. శతక పద్యాలు పెట్టి చూశాను, సెలవలకి పలాస పంపి చూశాను. నాతో మాట్లాడేది తెలుగే, కాకపోతే లోపల ఒడియా అస్థిపంజరం ఉంటుంది. ఆ అస్థిపంజరం కిందటి చలికాలం మా చేత రెండు వారాలు వృథాగా వైద్యం చేయించింది.

నా కూతురికి పదహారేళ్ళు. సైకిలు పిచ్చి. విశాఖలో ఒకాయన వాడి అమ్మేసిన టైమ్ ట్రయల్ సైకిలు కొనిపెట్టాం. టైమ్ ట్రయల్ అంటే గుంపులో తొక్కేది కాదు. ఒక్కొక్కరినీ విడివిడిగా వదులుతారు, గడియారంతోనే పోటీ, ముందువాళ్ళ చాటున గాలి తప్పించుకోవడం కుదరదు. అందుకని ముంజేతులు ముందు కడ్డీల మీద ఆనించి, నడుము బల్లపరుపుగా వంచి, తల దించుకుని తొక్కాలి. మొదటి వారం గోపాలపురం దాకా వెళ్ళి వచ్చి, గుమ్మంలోనే కూలబడి అంది: "అమ్మా, మోకాలు లాగుతోంది."

కాలు లాగుతోందంటే తెలుగు తల్లి ఏం చేస్తుంది? నువ్వుల నూనె కాచింది. మరునాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ లేదు, కొన్నాళ్ళు తొక్కొద్దన్నారు. రెండు వారాలు ఇంట్లో పులిపిల్లలా తిరిగింది. మళ్ళీ ఎక్కింది. మళ్ళీ "లాగుతోంది."

సంగతి తేల్చినవాడు సైకిలు మిస్త్రీ. ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా, స్పానర్ జారితే హిందీ, అదీ ఆయన పద్ధతి. పిల్లని సైకిలెక్కించి, గోడకి ఆనించి, పెడలు వెనక్కి తిప్పించి చూశాడు. "ఎక్కడ పాపా?" అంటే అది మోకాలు చూపించలేదు. పక్కటెముకల కింద చూపించింది. ఆయన నవ్వాడు. "టీచరమ్మా, ఈ పిల్ల లాగడం మన లాగడం కాదు. ఆంఠు పేటరే లాగుఛి అంటంది. మోకాలు పొట్టకి తగులుతంది."

ఒడియాలో 'లాగుఛి' అంటే తగులుతోంది. పదహారేళ్ళు నా ఒళ్ళో పెరిగిన పిల్ల మాట నాకు ఒక మిస్త్రీ అనువదించి చెప్పాడు. సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. కాచిన నూనె సీసాలో సగం ఇంకా ఉంది.

తగలడానికి కారణం కళ్ళెదుటే ఉంది. ఆ సైకిలు తొక్కినాయన ఆరడుగుల మనిషి, క్రాంకు, అంటే పెడలుని ఇరుసుకి కలిపే కడ్డీ, పొడవు 172.5 మిల్లీమీటర్లు. మా పిల్ల 158 సెంటీమీటర్లు. పెడలు పైకొచ్చేసరికి మోకాలు ఛాతీలోకి వచ్చేస్తుంది. మామూలు సైకిలు మీద నిటారుగా కూర్చుంటే తెలియదు, వంగితే తెలుస్తుంది. 165 క్రాంకు వేస్తే 7.5 మిల్లీమీటర్లు తగ్గుతుంది కదా, అది ఏపాటి అనుకున్నాను. లెక్కల టీచర్నయ్యుండీ తప్పు లెక్క వేశాను. పెడలు కిందికి వెళ్ళినప్పుడు కాలు మునుపటంతే చాచుకోవాలంటే సీటు కూడా 7.5 ఎత్తాలి. అంటే పైన మోకాలికి దొరికే చోటు పదిహేను మిల్లీమీటర్లు. వంగిన మనిషి ఊపిరికి అది చాలా ఎక్కువ.

మా ఆయన ఒప్పుకోలేదు. పొడుగు కడ్డీకి బలమెక్కువ, గునపం చూడలేదా అన్నారు. అందులో నిజం లేకపోలేదు. అదే గేరులో 165తో తొక్కితే పెడలు మీద బరువు నూటికి నాలుగున్నర వంతులు ఎక్కువ పడుతుంది. కాకపోతే పాదం తిరిగే వలయం చిన్నదవుతుంది, కాళ్ళు ఇంకాస్త జోరుగా తిరుగుతాయి, లెక్క సరిపోతుంది. 2001లో మార్టిన్, స్పిర్డూసో అనే పరిశోధకులు 120 నుంచి 220 మిల్లీమీటర్ల దాకా అయిదు పొడవులతో తొక్కించి చూశారు. మరీ పొట్టిదానికీ మరీ పొడుగుదానికీ బలం కొంచెం తగ్గింది, అదీ నూటికి నాలుగు లోపే. 145కీ 170కీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అది కొన్ని క్షణాలు ప్రాణం పెట్టి తొక్కినప్పటి కొలత, ఇరవై కిలోమీటర్లది కాదు, అది నాకూ తెలుసు. మా ఆయనకి చెప్పలేదు. పిల్ల తన వంతుగా 2024లో టూర్ డి ఫ్రాన్స్ సైకిలు పందెం గెలిచిన పొగాచర్ 176 సెంటీమీటర్ల మనిషై ఉండి 165 వాడాడని తెచ్చి ముందు పెట్టింది. నా పరిశోధన కంటే అదే పనిచేసింది.

అసలు గొడవ పళ్ళ దగ్గర మొదలైంది. పాత క్రాంకుకి ముందు గొలుసు తిప్పే పళ్ళ చక్రాలు రెండు, 53 పళ్ళదీ 39 పళ్ళదీ. కొత్త 165లో మాకు అందుబాటులో ఉన్నవి రెండు: 50, 34 జోడీ ఒకటి, 50 పళ్ళ ఒంటి చక్రం ఒకటి. ముందు ఒకటే ఉంటే గొలుసు జారిపోదా అంటే, దాని పళ్ళు ఒకటి సన్నం ఒకటి వెడల్పుగా కోసి ఉంటాయి, గొలుసుని పట్టుకుని ఉంటాయి. "53 పోయి 50కి దిగడమేంటి, చిన్నదైతే స్పీడు రాదు" అని మా ఆయన.

ఆ రాత్రి వంటింటి క్యాలెండర్ వెనక లెక్క వేశాం. సైకిలు చక్రం ఒక చుట్టు తిరిగితే నేల మీద దాదాపు 2.1 మీటర్లు. కాళ్ళు నిమిషానికి 90 చుట్లు. ముందు 50 పళ్ళు, వెనక 16 పళ్ళు అయితే గంటకి 35.4 కిలోమీటర్లు. ముందు 53, వెనక 17 అయినా అంతే, చుక్క తర్వాత అంకె కూడా మారదు. మా పిల్ల గాలి లేనప్పుడు తొక్కేది ఆ చుట్టుపక్కలే. ఇక 50కి 11 వేస్తే గంటకి 51 దాటుతుంది, మా బరంపురం చదునులో దానికి ఆ అవసరం ఎప్పుడొస్తుందని? వెనక మాకున్నది 11 పళ్ళ నుంచి 25 పళ్ళ దాకా పదకొండు చక్రాల గుత్తి. 16 అందులో ఆరోది, సరిగ్గా నడిమధ్యది. ఒంటి చక్రం వేస్తే గొలుసు తిన్నగా, అడ్డం పోకుండా నడుస్తుంది. అదే 11 నుంచి 28 దాకా ఉండే గుత్తుల్లో కొన్ని 15 తర్వాత 17కే దూకుతాయి, 16 ఉండదు, అలాంటిదయ్యుంటే మా లెక్కంతా తలకిందులయ్యేది. పెద్ద చక్రాల మీద గొలుసు తక్కువ వంగి రాపిడి కాస్త తగ్గుతుందని 53 వైపు కూడా ఒక మాట ఉంది. నిజమే. కానీ ఎదురుగాలిలో 19కి దిగాల్సిన పిల్లకి ఆ కాస్తకంటే సరైన పన్నే ముఖ్యం.

ఆ లెక్కల మధ్యే ఒక సంగతి గమనించాను. ఒడియాలో అంకెలు ఒక్కొక్కటీ ఒక్కో మాట: 52 బాబన, 53 తేపన, 54 చఉబన. పిల్ల మొదట అలాగే మొదలెట్టింది. వాళ్ళ నాన్నతో వాదన వేడెక్కేసరికి "యాభై మూడు బై పదిహేడు, యాభై బై పదహారు" అని తెలుగులోకి వచ్చేసింది. ఎందుకే అంటే, "నాన్నకి ఒడియాలో చెప్తే ఓడిపోయినట్టు నటిస్తారు, తెలుగులో చెప్తే నిజంగా ఓడిపోతారు" అంది. పదహారేళ్ళలో అది అంత పొడుగు తెలుగు వాక్యం తప్పు లేకుండా అనడం నేను వినలేదు. వాళ్ళ నాన్న ఓడిపోయారు.

ఒంటి చక్రానికి ఒక లోటుంది. తప్తపాణి ఘాటు ఎక్కాలంటే 50కి 25 చాలా బరువు. ఘాటుకి తన పాత సైకిలు తీసుకెళ్తానంది, అక్కడితో ఆ మాట అయిపోయింది.

తర్వాత ఇరుసు. ఆన్‌లైన్‌లో ఒకడు "మీ ఫ్రేముకి సరిపోతుంది" అని హామీ ఇచ్చి పంపిన క్రాంకు ఇరుసు 30 మిల్లీమీటర్ల లావు. మా ఫ్రేము మరలు కోసిన పాత పద్ధతిది, 68 మిల్లీమీటర్ల వెడల్పు, ఇరుసు తిరిగే బేరింగు కప్పులు బిగించే రకం. మిస్త్రీ దగ్గరున్న కప్పుల్లో 24 ఇరుసే దూరుతుంది. వెనక్కి పంపి డబ్బు రాబట్టడానికి నెలరోజులు. ముందే ఫ్రేము కొలిచి, ఇరుసు లావు అడిగి కొనాల్సింది. మేం పళ్ళు లెక్కపెడుతూ కూర్చున్నాం.

రెండోది వచ్చింది, 24 ఇరుసుది. పాత కప్పు విప్పుతుంటే పిల్ల కుడి పక్క స్పానర్ వేసి మామూలుగా ఎడమకి తిప్పింది. ఇంకా బిగుసుకుంది. "ఉల్టా చూడీ, అంటే ఎదురు మర పాపా, కుడి కప్పుది" అని మిస్త్రీ తన చేత్తో కుడికి తిప్పి విప్పాడు. మా మామగారి పాత నల్ల సైకిలు కూడా అంతేనట. దానికి క్రాంకు నిలిపేది కాటరు పిన్ను, సుత్తితో కొట్టి దించేవారు. మామగారు కుర్చీ తెప్పించుకుని పక్కనే కూర్చుని ఆ కథంతా చెప్పారు. పిల్ల "ఎదురు మర" అన్న మాట రెండుసార్లు తనలో తను అనుకోవడం విన్నాను. 'థ్రెడ్డు' అని నేనైతే సరిపెట్టేదాన్ని.

సీటు ఎత్తేటప్పుడు 7.5 అని నేను చెప్తూనే ఉన్నాను. మిస్త్రీ టేపు తియ్యలేదు, "ఒక వేలు" అని ఎత్తేశాడు.

ఆదివారం పొద్దున్న గోపాలపురం వెళ్ళి వచ్చింది. చెమట తుడుచుకోకుండానే సైకిలు గోడకి ఆనించి అంది: "అమ్మా, లాగుతోంది."

నా గుండె జారింది. "ఏ లాగడమే? మిస్త్రీ చెప్పిన లాగడమేనా, పొట్టకి తగులుతోందా?"

"కాదే. మోకాలి వెనక, ఇక్కడ, నరం. తెలుగు లాగడం."

టేపు పట్టుకుని కొలిచాను. వేలు పదమూడు మిల్లీమీటర్లయింది. సీటు అయిదున్నర దించాం.