కొండవీటి మీద అలుగు వెతికిన రోజు

మా బావ ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయనతో గుడికెళ్తే దేవుణ్ణి చూసేది మేము, కోనేరు చూసేది ఆయన. ప్రకాశం బ్యారేజీ మీద బస్సు పోతుంటే కిటికీలోంచి తొంగిచూసి ఎన్ని గేట్లు ఎత్తారో లెక్కపెట్టే మనిషి. అందుకే ఒక కార్తీకమాసంలో, ఘాట్ రోడ్డు ఊసే లేని రోజుల్లో, "కొండవీడు పోదాం పారా" అంటే అది కోట కోసం కాదని నాకు అప్పుడే తెలుసు. కొండ మీద మూడు చెరువులున్నాయని ఆయనకెవరో చెప్పారు. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు. ఒకటి నిండితే రెండోదాన్లోకి, అది నిండితే మూడోదాన్లోకి నీళ్లు పోతాయట. "పోతే అలుగు ఉండాల గదా, నిండినాక నీళ్లు పొర్లిపోయే చోటు. అది చూసొద్దాం" అన్నాడు.

బావ, నేను, టెన్త్ చదివే మేనల్లుడు. అక్క రాత్రే పులిహోర కలిపి, పొద్దున పెరుగన్నం కట్టి, పెద్ద కూల్‌డ్రింకు సీసాల నిండా నీళ్లు పోసిచ్చింది. "కొండెక్కుతారా, కాపరానికి పోతారా" అని నవ్వాను గానీ, మధ్యాహ్నానికల్లా ఆ సీసాలకు దణ్ణం పెట్టుకున్నాం. గుంటూరు బస్టాండులో చీకటుండగానే నరసరావుపేట పల్లెవెలుగు ఎక్కి, ఫిరంగిపురంలో దిగి, అక్కణ్ణించి ఆటోలో కొండ కిందికి.

టీ బంకు దగ్గర మేకలు కాసే తాత ఒకాయన దొరికాడు. దారి చూపిస్తావా అంటే ముందు మా కాళ్లకేసి చూశాడు. తర్వాత నా చొక్కాకేసి. "మడిచిన చేతులు దించుకో అయ్యా, బోదగడ్డి కోస్తది" అన్నాడు. డబ్బుల మాట ఎత్తితే, దిగినాక చూద్దాంలే అని కర్ర తీసుకుని బయల్దేరాడు.

మెట్లదారి అన్నారని నేను తిరుపతి మెట్లు ఊహించుకున్నాను. ఇక్కడ ఒక రాయి అరడుగుంటే పక్కది మోకాలెత్తు. కొన్నిచోట్ల మెట్టు వానకి జారిపోయి ఎర్రమట్టి గండి మిగిలింది. కార్తీకం అన్నమాటేగానీ చలి లేదు. వానలు వెనకబట్టాయి, గడ్డి మాత్రం నిలువెత్తు ఉంది. లోపలికెళ్తే గాలాడదు, నిమ్మగడ్డి వాసనతో ఉడుకు ముక్కుల్లోకి కొడుతుంది. మావాడు మొదట్లో మా అందరికంటే ముందు పరిగెత్తాడు. సగం కొండకి వచ్చేసరికి తాత వెనకాలే నడుస్తున్నాడు, మాట్లాడకుండా. బావ ఇరవై మెట్లకోసారి ఆగి, ఆయాసం అనకుండా, "ఇక్కడ వాగు పాయ ఉన్నట్టుందే" అనేవాడు. ఆయన మర్యాద ఆయనది.

దర్వాజా దాటి లోపలికి రాగానే పనైపోయిందనుకున్నాను. అసలు పని అక్కడే మొదలైంది. కిందనుంచి చూస్తే కొండవీడు ఒక కొండ. పైకెళ్తే తెలుస్తుంది, అదొక కొండల గుంపని. ఒక శిఖరం మీది బురుజు నుంచి ఇంకో శిఖరానికి గోడ పోతుంది. లోయలోకి దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. గోడ మీదే నడుద్దామంటే రాళ్లు కదులుతున్నాయి. పక్కన నడుద్దామంటే చిల్లకంప. ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి ఎంత దూరమంటే తాత "ఇదిగో, ఈడనే" అంటాడు. కొండవీటి చాంతాడు అని ఊరికే అనలేదు మనవాళ్లు.

మొదటి చెరువు గట్టున గోడనీడలో పులిహోర తిన్నాం. బావ తినలేదు. కట్ట చుట్టూ తిరుగుతున్నాడు. చేతిలో చింతకొమ్మ, దాంతో గడ్డి పక్కకి నెడుతూ, వంగి చూస్తూ. తూము వెతుకుతున్నాడట, కట్ట కింద నుంచి పొలాలకి నీళ్లొదిలే దారి. ఎంతసేపటికీ కనపడలేదు. చివరికి తనే వచ్చి కూలబడి, "ఇది సాగుకి కట్టిన చెరువు కాదు గదరా. తాగడానికి. తూమెందుకుంటది? ముంచుకుని పోవడమే" అన్నాడు. ఉద్యోగమంతా పొలాల చెరువులు చూసినవాడికి ఆ ముక్క తట్టడానికి అంతసేపు పట్టింది. తట్టినాక మాత్రం ముఖం వెలిగిపోయింది.

అలుగు తాత చూపించాడు. చూపించాడంటే, గడ్డి తొక్కి అణిచాడు, అంతే. కట్ట ఒక మూల కొంచెం పల్లంగా ఉంది. అక్కడ పరిచిన బండల అంచులు అరిగి నున్నగా ఉన్నాయి. చుట్టూ ఉన్న రాళ్లన్నీ గరుకే, ఆ నాలుగైదు మాత్రం నీళ్లు పోయి పోయి పలచబడ్డాయి. బండల సందుల్లో ఇంకా తడి ఉంది. ఆ తడిలో చిన్న చిన్న నత్తగుల్లలు. బావ బండ మీద అరచెయ్యి ఆనించి ఏ వాలుకి పెట్టారో చూశాడు, తర్వాత కిందకి లోయలోకి వేలు చూపించి, "ఆ వంపులోంచి పోయి రెండోదాన్లో పడాల" అన్నాడు. మనం పోయి చూడాల అన్నమాట.

పోయాం. ఆ నడక గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఎండ, ముళ్లు, ప్యాంటు నిండా అంటుకున్న గడ్డిగింజలు. సీసాల్లో నీళ్లు అడుక్కొచ్చాయి. పక్కనే చెరువు నిండా నీళ్లు, తాత దోసిలి పట్టి తాగుతున్నాడు, మాకేమో ధైర్యం చాల్లేదు.

ఒక బురుజు దగ్గర ఆగినప్పుడు బావ చరిత్ర మొదలుపెట్టాడు. అనవోతారెడ్డి అద్దంకి నుంచి రాజధాని ఇక్కడికి మార్చడం, పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారిగా ఉండడం నేను బళ్లో చదివినవే. ఆయన అసలు ఆసక్తి వేరే. కృష్ణదేవరాయలు ఒడిశా గజపతుల దగ్గర్నుంచి ఈ కోట పట్టుకున్నది 1515 జూన్ 23న, ఆషాఢంలో. మంగళగిరి శాసనంలో ఉంది ఆ సంగతి. "ఆషాఢం మొదట్లో గుంటూరు సీమలో చెరువులెట్టా ఉంటయ్యిరా? అడుగు బురద. ఎండాకాలమంతా కింద కూచుని, పైన నీళ్లు ఇంకిపోయేదాకా చూస్తే చాలు" అన్నాడు. చరిత్రకారులు ఒప్పుకుంటారో లేదో నాకు తెలీదు. ఎండిన నాలుకతో ఆ బురుజు మీద కూచుని వింటే మాత్రం నాకు అనుమానమే రాలేదు. అప్పుడు కోటలో చిక్కిన వీరభద్ర గజపతి మీద జాలేసింది కూడా.

వెదుళ్ల చెరువు చేరేసరికి పొద్దు వాలింది. రెండో అలుగు సగం పూడిపోయి ఉంది, మూడోది మాకు దొరకలేదు. తాత ఇక దిగుదాం, దిగుదాం అంటున్నాడు.

దిగడం ఎక్కడంకంటే అన్యాయం. మోకాళ్లు వణుకుతుంటే ఎదురుగా దిగలేక మెట్లమీద పక్కవాటుగా దిగాం. మావాడి బూటు అడుగు ఊడి నోరు తెరిచింది. తాత తన తుండుగుడ్డ అంచు చింపి కట్టాడు. కార్తీకం పొద్దు, చూస్తుండగానే చీకటి పడింది. టార్చిలైటు బావ జేబులో ఉంది. దాన్ని దారి మీద వెయ్యకుండా పక్క వాగులోకి వేసి చూస్తుంటే నాకు ఒళ్లు మండి, "బావా, ముందు కాళ్లకింద చూడు!" అని అరిచాను. మా అక్క పెళ్లయినప్పట్నుంచి ఆయన మీద గొంతు పెంచింది అదే. ఆయన పట్టించుకోలేదు. కింద ఆటోలు లేవు. పాల వ్యాను ఒకటి ఫిరంగిపురం దాకా ఎక్కించుకుంది, క్యాన్ల మధ్య.

ఘాట్ రోడ్డు వచ్చాక బావని కారులో తీసుకెళ్లాం. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆయన మెట్లెక్కే మాటే లేదు. అక్క కూడా వచ్చింది, మొదటిసారి చూసింది. రోడ్డేసి కొండని పాడుచేశారని బాధపడే మిత్రులున్నారు నాకు. వాళ్లలో ఒక్కరూ అక్క ముఖం ఆరోజు చూడలేదు. ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి, కారులో కోట చిన్నదైపోయింది. చెరువు పక్కన దిగుతాం, ఫొటో తీసుకుంటాం, ఇంకో చెరువు. ఆ రోజు మేం ఈదిన లోయ ఎటుందో మావాడికే గుర్తుపట్టడం చేతకాలేదు.

బావ మాత్రం కారు దిగీదిగగానే, కర్ర సాయంతో, తిన్నగా కట్ట మూలకి పోయాడు. చుట్టూ శుభ్రం చేసి ఉంది, బండలు బయటపడి ఉన్నాయి. అక్కని పిలిచి అరిగిన అంచు చూపించి వాలు గురించి పాఠం మొదలుపెట్టాడు. ఆవిడ చివరిదాకా విని, "దీనికోసమేనా ఆ రోజు పిల్లాడి బూట్లు పాడుచేసింది? కొత్తవి, ఇంకా నెల కాలేదు" అంది.

మూడో అలుగు ఇంకా చూడలేదు. మావాడు సంక్రాంతికొస్తే వెదుళ్ల చెరువు కింది వంపులో వెతుకుదామని బావ ఇప్పటికే ఒక కాగితం మీద గీసిపెట్టాడు.